లింగవృద్ధికి ఇంటి పరికరాలు: సుశ్రుతుని శూకదోషాల నుంచి నేటి రక్షణసూత్రాల వరకు

వ్యాససంగ్రహం:

పురుషాంగం పొడవు పెంచుకోవాలన్న కోరిక ప్రాచీనమైనది. అందుకోసం రహస్యంగా చేసుకునే ప్రయోగాలూ, వాటివల్ల కలిగే హానీ అంతే ప్రాచీనమైనవి. వాత్స్యాయన కామసూత్రం వృద్ధియోగాలను చెప్పగా, అటువంటి ప్రయోగాలు వికటించినప్పుడు పుట్టే 18 వ్యాధులను సుశ్రుతసంహిత శూకదోషాలన్న పేరుతో వర్గీకరించింది. ఆధునిక వైద్యంలో కొన్ని ప్రత్యేక వ్యాధులకు సాగదీత పరికరాలను పరిమితంగా వాడుతున్నారు. వాటిని చూసి దారాలు, రబ్బరు పట్టీలు, సీసాలు, బరువులతో ఇంట్లో చేసుకునే పరికరాలు అదే ఫలితాన్ని ఇవ్వకపోగా తీవ్రమైన గాయాలకు కారణమవుతున్నాయి. ఈ రెండింటికీ ఉన్న భేదం ఎక్కడుందో శరీరనిర్మాణం, పీడనసూత్రాల ఆధారంగా వివరించడం, ప్రమాదం సంభవిస్తే చేయవలసిన పనులను తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శూకదోషం, సుశ్రుతసంహిత, సాగదీత చికిత్స, రక్తప్రసరణ, పీడనం, పెయిరోనీ వ్యాధి, లైంగిక ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం:

లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన సందేహాలను కుటుంబంలో అడగలేక, వైద్యుని ముందు చెప్పుకోలేక, వారపత్రికల ప్రశ్నోత్తర శీర్షికలకు పేరు రాయకుండా పంపడం తెలుగు పాఠకలోకానికి పరిచయమైన విషయమే. స్వాతి వంటి పత్రికలలో డాక్టర్ జి. సమరం ఏళ్ల తరబడి ఇటువంటి ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చారు. నేడు ఆ సందేహం చరవాణి తెరమీదికి చేరింది. అక్కడ సమాధానంతోపాటు పరికరం తయారుచేసే విధానం కూడా దొరుకుతోంది.

అటువంటి విధానాలను అనుసరించేవారిని హేళన చేయడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. హేళన వల్ల రహస్యం పెరుగుతుంది. రహస్యం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. ఈ విషయంలో గంటల ఆలస్యం కూడా అవయవనష్టానికి దారితీయవచ్చు. కనుక హాని ఎలా కలుగుతుందో స్పష్టంగా తెలుసుకోవడమే మొదటి రక్షణ.

2. ప్రాచీన గ్రంథసాక్ష్యం:

కామసూత్రంలో ఏడవది, చివరిది అయిన ఔపనిషదికాధికరణం రెండవ అధ్యాయంలో వృద్ధియోగాల ప్రస్తావన ఉంది. చెట్లమీద పుట్టే శూకమనే పురుగు నూగుతో రుద్ది వాపు పుట్టించడం, తైలమర్దనం చేయడం, ఆపై మంచానికి చేసిన రంధ్రం గుండా అంగాన్ని కిందికి వేలాడనిచ్చి బోర్లా పడుకోవడం అందులో కనిపిస్తాయి. ఇందులో రెండు భావనలు కలిసి ఉన్నాయి. ఒకటి వాపును వృద్ధిగా భావించడం. రెండవది బరువుతో సాగదీయవచ్చునని భావించడం. నేటి ఇంటి ప్రయోగాలు కూడా ఈ రెండు భావనలమీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇదే ఆచారాన్ని శస్త్రవైద్యుడు మరొక దృష్టితో చూశాడు. సుశ్రుతసంహిత నిదానస్థానం 14వ అధ్యాయం శూకదోషనిదానం. లింగవృద్ధిని కోరి క్రమం తప్పిన పద్ధతులను అనుసరించేవారికి 18 వ్యాధులు కలుగుతాయని అందులో ఉంది. సర్షపిక మొదలు తిలకాలకం వరకు వాటి పేర్లు, లక్షణాలు విడివిడిగా చెప్పబడ్డాయి. వాటికి చికిత్స చికిత్సాస్థానం 21వ అధ్యాయంలో ఉంది. మాంసార్బుదం, మాంసపాకం, విద్రధి, తిలకాలకం అనే నాలుగింటిని అసాధ్యాలుగా పేర్కొన్నారు.

ఈ పట్టికలో మూడు పేర్లు మన ప్రస్తుతాంశానికి దగ్గరగా ఉన్నాయి. స్పర్శహాని అంటే స్పర్శజ్ఞానం నశించడం. త్వక్పాకం అంటే చర్మం పాకానికి రావడం. మాంసపాకం అంటే కండ కుళ్ళి రాలిపోవడం. సుశ్రుతుడు చెప్పిన కారణం విషపురుగు. నేటి కారణం బిగించిన పట్టీ. కారణాలు వేరైనా నాడి, చర్మం, కండ అనే క్రమంలో హాని గుర్తించదగినదిగా ఉండడం గమనార్హం. ప్రాచీన వ్యాధినామాలను ఆధునిక రోగనిర్ణయాలతో యథాతథంగా సమీకరించడం సాధ్యం కాదు. అయితే ఈ కోరికవల్ల కలిగే గాయాలకు ఒక ప్రత్యేకాధ్యాయం అవసరమయ్యేటంతగా అవి ఆనాటి వైద్యుల దృష్టికి వచ్చాయని మాత్రం చెప్పవచ్చు.

3. అంగనిర్మాణం:

పురుషాంగంలో ఎముక లేదు. కండపుష్టితో పెరిగే కండరమూ కాదు. పైభాగాన రెండు స్తంభనకోశాలు పక్కపక్కనే ఉంటాయి. అడుగుభాగాన మూత్రనాళాన్ని చుట్టి మరొక మెత్తని కోశం ఉంటుంది. స్తంభనకోశాలను కప్పి ట్యునికా అల్బుజీనియా అనే గట్టి తొడుగు ఉంది. కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులతో ఏర్పడిన ఈ తొడుగు మామూలు స్థితిలో సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండి, స్తంభనస్థితిలో అర మిల్లీమీటరు లేదా అంతకంటె తక్కువకు పలుచబడుతుంది. స్తంభనానికి అవసరమైన బిగువు ఈ తొడుగువల్లనే నిలుస్తుంది. దీనికి చిరుగు పడితే, అది మానినచోట మచ్చ ఏర్పడి అంగం వంగిపోవచ్చు, స్తంభనం బలహీనపడవచ్చు.

పైభాగాన చర్మానికి దగ్గరగా సిర, ధమనులు, స్పర్శనాడులు వరుసగా సాగుతాయి. వాటికి రక్షణగా కొవ్వుపొర గాని ఎముక గాని లేదు. చుట్టూ బిగించిన ఏ వస్తువైనా మొదట నొక్కేది వీటినే. అడుగున మూత్రనాళం కూడా అంతే దగ్గరలో ఉంటుంది.

4. వైద్యంలో సాగదీత స్థానం:

నిలకడగా, నెమ్మదిగా లాగినప్పుడు దేహకణజాలం కొంత పెరుగుతుందన్న సూత్రం సత్యమే. సోవియట్ వైద్యుడు ఇలిజరోవ్ ఎముకను కోసి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ కాలిని పొడిగించే పద్ధతిని ఈ సూత్రంమీదనే రూపొందించాడు. అక్కడ విజయానికి కీలకం బలం కాదు, మితం. వేగం పెరిగితే కొత్త కణజాలం ఏర్పడదు, ఉన్నది చినుగుతుంది.

ఇదే సూత్రంతో రూపొందిన పురుషాంగ సాగదీత పరికరాలను ముఖ్యంగా పెయిరోనీ వ్యాధిలో వాడుతున్నారు. అంగం తొడుగులో గట్టి మచ్చ ఏర్పడి వంపు రావడం ఈ వ్యాధి లక్షణం. ఫ్రెంచి శస్త్రవైద్యుడు పెయిరోనీ 1743లో దీనిని వర్ణించాడు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 110 మంది రోగులతో చేసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు 30 నుంచి 90 నిమిషాల వాడకంతో 3 నెలలకు సగటున 1.5 సెంటీమీటర్ల పొడవు పెరిగినట్లు తేలింది. వ్యాధి లేకపోయినా అంగం చిన్నదన్న ఫిర్యాదుతో వచ్చినవారిపై ఇటలీలో గొంటెరో బృందం చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. 21 మందితో మొదలైన ఆ అధ్యయనంలో రోజుకు కనీసం 4 గంటల చొప్పున 6 నెలలు పరికరం ధరించాలి. ఫలితం సాగదీసిన స్థితిలో 1.7 సెంటీమీటర్లు. చుట్టుకొలతలో చెప్పుకోదగిన మార్పు లేదు. పోల్చి చూడడానికి పరికరం వాడని మరొక బృందం కూడా ఆ అధ్యయనంలో లేదు.

ఈ అంకెలను రెండువైపులా చదవాలి. సాగదీత పూర్తిగా నిష్ఫలమని చెప్పలేం. కాని వైద్య పర్యవేక్షణలో, కొలిచిన బలంతో, నెలల తరబడి శ్రమించినా ఫలితం ఒకటి రెండు సెంటీమీటర్లకు మించడం లేదు. వారం రోజులలో అంగుళాలు పెరుగుతాయన్న ప్రచారానికి ఈ అధ్యయనాలలో ఏ ఆధారమూ లేదు.

5. ఇంటి పరికరంలో లోపించేవి:

సాధారణంగా లాగుడువల్లనే ప్రమాదమని భావిస్తారు. వాస్తవానికి ఎక్కువ ప్రమాదం లాగడానికి ముందు వేసే పట్టులో ఉంది. అంగాన్ని లాగాలంటే శిశ్నమణి వెనుక దేనినైనా బిగించాలి. అక్కడే ఇంటి పరికరం విఫలమవుతుంది.

5.1. పట్టు వెడల్పు:

పీడనం బలంమీద మాత్రమే కాక, ఆ బలం పరచుకున్న వైశాల్యంమీద కూడా ఆధారపడుతుంది. స్థూలంగా లెక్కిద్దాం. ఒక కిలో బరువు 10 చదరపు సెంటీమీటర్ల మెత్తని పట్టీమీద పరచుకుంటే పీడనం సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసమట్టం. అదే బరువు 1 చదరపు సెంటీమీటరు మాత్రమే ఆనే దారంమీద పడితే సుమారు 735 మిల్లీమీటర్లు. ధమనులలో రక్తపీడనం 120 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. సూక్ష్మరక్తనాళాలలో 30 చిల్లర మాత్రమే. అంటే వెడల్పైన మెత్తని పట్టీ కూడా సూక్ష్మరక్తనాళాలను కొంతవరకు మూసివేయగలదు. అందుకే వైద్యపరికరాలకు సైతం కాలపరిమితి, మధ్యమధ్య విరామం అవసరం. దారం, రబ్బరు పట్టీ, తీగ విషయంలో ధమని కూడా మూసుకుపోతుంది.

5.2. వాపు విషవలయం:

సిరలలో పీడనం ధమనులలో కంటె చాలా తక్కువ. ఓ మోస్తరు బిగువు సిరలను మూస్తుంది గాని ధమనులను మూయదు. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. ముందుభాగం ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ పట్టీ మరింత బిగుస్తుంది. చివరకు ధమని కూడా మూసుకుంటుంది. మొదట్లో కనిపించే ఈ ఉబ్బును వృద్ధిగా పొరబడేవారు ఉన్నారు. అది పెరుగుదల కాదు, నిలిచిపోయిన రక్తం.

ఎడతెగని బలాన్నిచ్చే రబ్బరు ఇక్కడ మరింత ప్రమాదకరం. చర్మంలోకి దిగినా అది బిగుస్తూనే ఉంటుంది. ఇనుప నట్టు, బేరింగు, సీసామూతి వంటి సాగని వస్తువులకు మరొక దోషముంది. 2015లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం పురుషాంగం సగటు చుట్టుకొలత మామూలు స్థితిలో 9.31 సెంటీమీటర్లు, స్తంభనస్థితిలో 11.66 సెంటీమీటర్లు. అంటే దాదాపు 25 శాతం తేడా. మామూలు స్థితిలో సులువుగా ఎక్కిన వలయం స్తంభనం కలిగితే తీయడానికి రాదు.

5.3. బలానికి కొలత:

వైద్యపరికరాలలో బలాన్ని గ్రాములలో నియంత్రించే స్ప్రింగు ఉంటుంది. వేలాడదీసిన బరువుకు ఆ నియంత్రణ లేదు. నడిచినప్పుడు, లేచినప్పుడు, కాలు జారినప్పుడు అదే బరువు క్షణకాలం ఎన్నోరెట్ల కుదుపునిస్తుంది. తొడుగులో చిరుగులు పడడానికి, నాడులు దెబ్బతినడానికి ఆ కుదుపు చాలు. స్పర్శ తగ్గినవారికి నొప్పి కూడా తెలియదు. నొప్పి లేదు కనుక బరువు పెంచవచ్చని వారు తలుస్తారు.

గాలి పీల్చే గొట్టాల విషయంలోనూ ఇదే లోపం. స్తంభనలోపానికి వైద్యులు సూచించే శూన్యపీడన పరికరాలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టమైన హద్దులు పెట్టింది. శూన్యపీడనం 17 అంగుళాల పాదరసమట్టం మించకూడదు, అవసరమైతే వెంటనే గాలిని వదిలే ఏర్పాటు ఉండాలి, అడుగున వేసే వలయాన్ని 30 నిమిషాలకు మించి ఉంచకూడదు. సీసాతోనో సైకిలు పంపుతోనో చేసుకున్న సాధనానికి ఈ హద్దులు ఏవీ ఉండవు. ఫలితంగా చర్మం కింద రక్తం గడ్డకట్టడం, బొబ్బలు, కమిలిన గాయాలు కలుగుతాయి.

5.4. కాలం, నిద్ర:

ఆరోగ్యవంతుడైన పురుషునికి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు తనంతట తానే స్తంభనం కలుగుతుంది. పరికరం ధరించి నిద్రపోవడం ఇంటి ప్రయోగాలన్నింటిలోకి ప్రమాదకరమైనది. బిగువు పెరుగుతుంది, దానిని గుర్తించే మెలకువ ఉండదు. మద్యం సేవించినవారికి ఈ అపాయం ఇంకా ఎక్కువ.

5.5. చర్మం, శుభ్రత:

అతికించే టేపులు, గరుకు తాళ్లు చర్మాన్ని ఒరిపిస్తాయి. చెమట, తేమ చేరిన ఒరిపిడిగాయం త్వరగా చీము పడుతుంది. ముందుచర్మాన్ని వెనక్కి లాగి పట్టీ వేసి అలాగే వదిలితే, ఉబ్బిన చర్మం మళ్ళీ ముందుకు రాక శిశ్నమణిని నొక్కివేసే స్థితి ఏర్పడవచ్చు. ఇది కూడా అత్యవసర చికిత్స అవసరమైన స్థితే.

6. గాయాల స్థాయులు:

బిగుసుకున్న వస్తువులవల్ల పురుషాంగానికి కలిగే గాయాలను భారతీయ వైద్యులు భట్ తదితరులు 1991లో ఐదు స్థాయులుగా వర్గీకరించారు. మొదటి స్థాయిలో వాపు మాత్రమే ఉంటుంది. రెండవ స్థాయిలో చర్మం దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. మూడవ స్థాయిలో పట్టుకు ముందున్న భాగంలో స్పర్శ పూర్తిగా పోతుంది. నాలుగవ స్థాయిలో మూత్రనాళాన్ని చుట్టిన కోశం తెగి, మూత్రం పక్కనుంచి కారే రంధ్రం ఏర్పడుతుంది. అయిదవ స్థాయిలో కణజాలం కుళ్ళడం లేదా అవయవభాగం ఊడిపోవడం జరుగుతుంది. స్పర్శహాని నుంచి మాంసపాకం వరకు సుశ్రుతుడు పేర్కొన్న లక్షణాలు ఇక్కడ పాఠకునికి గుర్తుకు రాకమానవు.

ఈ వర్గీకరణలో గమనించవలసిన అంశం ఒకటుంది. మొదటి స్థాయికీ చివరి స్థాయికీ మధ్య ఉన్నది చాలావరకు కాలమే. సమయానికి పట్టు తొలగిస్తే వాపుతో పోయేది, సిగ్గుతో దాచిపెడితే అవయవనష్టంగా పరిణమిస్తుంది.

మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, సికిల్‌సెల్ వ్యాధిగ్రస్తులు, వెన్నుపాము గాయంతో స్పర్శ తగ్గినవారు ఇటువంటి ప్రయోగాల జోలికి అసలే పోరాదు. సికిల్‌సెల్ వ్యాధి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలలో కనిపించేది కనుక ఈ హెచ్చరిక మనకు ప్రత్యేకంగా వర్తిస్తుంది.

7. కొలత, భయం:

ఇంటి ప్రయోగానికి పురికొల్పేది చాలాసార్లు శరీరలోపం కాదు, లోపమున్నదన్న భయం. పైన పేర్కొన్న 2015 నాటి సమీక్ష వైద్యసిబ్బంది స్వయంగా కొలిచిన 15,521 మంది వివరాలను క్రోడీకరించింది. సగటు పొడవు మామూలు స్థితిలో 9.16, సాగదీసినప్పుడు 13.24, స్తంభనస్థితిలో 13.12 సెంటీమీటర్లు. వైద్యపరంగా పొడవు పెంచే చికిత్సను ఆలోచించవలసినది సాగదీసిన పొడవు 7.5 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడేనని 1996లో అమెరికా వైద్యులు సూచించారు. ఆ స్థితిలో ఉన్నవారు చాలా అరుదు.

అమెరికాలో 2006లో వెలువడిన 52,031 మంది స్త్రీపురుషుల సర్వేలో తమ పరిమాణంపట్ల తృప్తి చెందిన పురుషులు 55 శాతం కాగా, తమ భాగస్వామి పరిమాణంపట్ల తృప్తి వ్యక్తంచేసిన స్త్రీలు 85 శాతం. మనిషి తన అంగాన్ని పైనుంచి చూస్తాడు కనుక అది వాస్తవంకంటె పొట్టిగా కనిపిస్తుంది. పొత్తికడుపు కింది కొవ్వు మరికొంత భాగాన్ని కప్పివేస్తుంది.

భయమే గాయాలకు కారణమైన ఉదాహరణ ఆసియా వైద్యచరిత్రలో ఉంది. అంగం కుంచించుకుపోయి లోపలికి వెళ్లిపోతుందన్న భయాన్ని కోరో అంటారు. 1967లో సింగపూర్‌లో, 1982లో అస్సాం, పశ్చిమబెంగాల్ ప్రాంతాలలో ఇది సామూహికంగా వ్యాపించింది. అంగం లోపలికి పోకుండా ఆపడానికి దారాలతో కట్టుకోవడం, చేతికి దొరికిన వస్తువులతో బిగించి పట్టుకోవడం ఆ సందర్భాలలో జరిగింది. అంగానికి ఏ వ్యాధీ లేదు. గాయం చేసినది దానిని కాపాడబోయిన పట్టు.

మనదేశంలో లైంగికాంగాల పరిమాణం, ఆకారం మెరుగుపరుస్తామని మందులు అమ్మేవారు చెప్పుకోకూడదని ఔషధ నిబంధనలలోని షెడ్యూలు జె నిషేధిస్తోంది. లైంగికశక్తిని పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. అయితే ఇంట్లో తయారుచేసుకునే వస్తువును ఏ చట్టమూ తనిఖీ చేయలేదు. అక్కడ అవగాహన ఒక్కటే రక్ష.

8. ప్రమాదం సంభవిస్తే:

అంగం రంగు నీలంగా, నల్లగా మారడం, చల్లబడడం, తిమ్మిరి, మూత్రం రాకపోవడం, పటుక్కుమన్న శబ్దంతో వాపు రావడం, 4 గంటలకు మించి స్తంభనం తగ్గకపోవడం అత్యవసర లక్షణాలు. తాడు, పట్టీ వంటిది సులువుగా వస్తే వెంటనే తీసివేయాలి. లోహవలయం వంటిది ఇరుక్కుంటే బలవంతంగా లాగకూడదు. ఇంట్లో రంపంతోనో కత్తితోనో కోయకూడదు. అంగం పైకి ఉండేలా పడుకొని, 108కి ఫోన్ చేసి, అత్యవసర విభాగమున్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ వస్తువు, ఏ లోహం, ఎంతసేపటినుంచి ఉన్నదన్న మూడు వివరాలను దాచకుండా చెప్పాలి. ఏ సాధనంతో తొలగించాలో వైద్యుడు నిర్ణయించుకోవడానికి అవే ఆధారం. తొలగించిన తరువాత కూడా మూత్రనాళం, స్పర్శ, రక్తప్రసరణ పరీక్షించుకోవాలి. మూత్రనాళం ఇరుకు కావడం వంటివి ఆలస్యంగా బయటపడతాయి.

వంపు, పొడవు తగ్గడం, స్తంభనలోపం వంటి సమస్యలున్నవారు మూత్రవ్యవస్థ వైద్యనిపుణుని సంప్రదించాలి. పరిమాణం గురించిన ఆలోచన నిద్రను, దాంపత్యాన్ని, చదువును బాధిస్తున్నప్పుడు మానసిక వైద్యుని సహాయం అవసరం. కేంద్రప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా లభిస్తోంది.

9. ముగింపు:

• లింగవృద్ధి యత్నాలవల్ల కలిగే గాయాలను సుశ్రుతసంహిత 18 శూకదోషాలుగా ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. సమస్య ఈనాటిది కాదని దీనివల్ల తెలుస్తోంది.

• వైద్యపరికరానికీ ఇంటి పరికరానికీ ప్రధానభేదం లాగే శక్తిలో లేదు. పట్టు వెడల్పు, బలానికి కొలత, కాలానికి హద్దు, వెంటనే విడిపించుకునే ఏర్పాటు, పర్యవేక్షణ అనే అయిదింటిలో ఉంది. ఇంటి పరికరంలో ఈ అయిదూ లోపిస్తాయి.

• పర్యవేక్షణలో నెలల తరబడి చేసిన సాగదీతకు ఫలితం ఒకటి రెండు సెంటీమీటర్లు. అదుపులేని ప్రయోగంలో పణంగా పెడుతున్నది స్పర్శ, స్తంభనం, ఒక్కొక్కప్పుడు అవయవం.

• ఈ ప్రయోగాలు చేసేవారిలో అత్యధికులకు భయమే తప్ప వైద్యపరమైన లోపం ఉండదు. అటువంటివారికి కావలసినది పరికరం కాదు, సరైన కొలత, సానుభూతితో వినే వైద్యుడు.

• గాయం తీవ్రతను నిర్ణయించేది చాలావరకు ఆలస్యం. ఆలస్యానికి కారణం సిగ్గు. కనుక ఈ విషయాన్ని తెలుగులో నిస్సంకోచంగా, మర్యాదగా మాట్లాడగల పరిస్థితిని కల్పించడం కూడా చికిత్సలో భాగమే.